సొంత మాన్‌స్టర్‌తో పోటీ: పిల్లలకి ఏ గేమ్ కొనాలి?

మా అన్నయ్య కూతురికి ఎనిమిదేళ్ళు. సెలవలకి మా ఇంటికొస్తే నోటుబుక్కు వెనక పేజీలన్నీ దానివే. ఏనుగు తొండం, పులి ఒళ్ళు, తేలు తోక ఉన్న జంతువు ఒకటి గీసి, పక్కన "పవర్ 900" అని రాస్తుంది. మావాడికి పన్నెండు. వాడు తీరిగ్గా చూసి, ఎదురు పేజీలో రెండు కొమ్ముల బల్లిని గీసి "పవర్ 1000" అని రాస్తాడు. ఇక గొడవే. "పెద్ద అంకె రాస్తే గెలిచినట్టేనా బాబాయ్?" అని ఆ పిల్ల నన్ను అడిగింది.

న్యాయమైన ప్రశ్న. సొంతంగా మాన్‌స్టర్‌ని తయారుచేసి పోటీకి దింపే వీడియో గేములన్నీ సరిగ్గా ఇక్కడే ఇరుక్కుంటాయి. ఏది కావాలంటే అది చేసుకోమని వదిలేస్తే పోటీ పాడవుతుంది, అందరూ వెయ్యి అనే రాస్తారు. పోటీ సమంగా ఉండాలంటే చేసుకునే స్వేచ్ఛ తగ్గించాలి. ఒక్కో గేమ్ ఒక్కో చోట రాజీపడింది. ఆ రాజీ మీ పిల్లలకి నచ్చుతుందా లేదా అన్నదే చూసుకోవాలి. గ్రాఫిక్స్ చూసి కొన్నారంటే నాలాగే డబ్బులు దండగ.

ఈ గేముల్లో "తయారుచేయడం" అంటే మూడు రకాలు. వినాయక చవితికి మట్టిబొమ్మ చేసినట్టు ఆకారాన్ని చేత్తో మలచడం ఒకటి. రెండిటిని కలిపి మూడోదాన్ని పుట్టించడం ఇంకోటి. బండలాగుడు పోటీకి ఎడ్లను మేపినట్టు ఒకదాన్ని తెచ్చుకుని, తిండి పెట్టి, కసరత్తు చేయించి బరిలోకి దింపడం మూడోది. మీ పిల్లలు ఖాళీగా ఉన్నప్పుడు ఏం చేస్తున్నారో రెండు రోజులు గమనించండి. బొమ్మలు గీసే పిల్లలు, కార్డులు మార్చుకునే పిల్లలు, కుక్కపిల్లని తెమ్మని ప్రాణం తీసే పిల్లలు... ముగ్గురికీ ఒకే గేమ్ నచ్చదు.

మలిచే పిల్లలకి స్పోర్

స్పోర్ 2008 సెప్టెంబరులో వచ్చింది. సిమ్‌సిటీ, సిమ్స్ గేములు రూపొందించిన విల్ రైట్ మాక్సిస్ స్టూడియోలో చేసిన గేమ్ ఇది. విడుదల చేసింది ఎలక్ట్రానిక్ ఆర్ట్స్. ఇంత పాతదా అని నేనూ మొహం చిట్లించాను. కానీ ఆకారం మలిచే పనిలో దీన్ని దాటింది నాకింకా కనపడలేదు.

మొదట ముద్దలాంటి ఒళ్ళు ఒకటి ఇస్తుంది. వెన్నెముకని మౌస్‌తో పట్టి లాగితే సాగుతుంది, మౌస్ చక్రం తిప్పితే ఆ చోట లావవుతుంది. కాళ్ళు, కళ్ళు, నోళ్ళు, కొమ్ములు ఎక్కడ కావాలంటే అక్కడ తగిలించుకోవచ్చు. మోకాలి మీద కన్ను పెట్టినా అడ్డు చెప్పదు. అసలు గొప్ప ఆ తర్వాత ఉంది. మూడు కాళ్ళు పెట్టినా, ఏడు పెట్టినా, ఒకటి పొట్టిగా ఒకటి పొడుగ్గా పెట్టినా అది ఎలా నడవాలో గేమే లెక్క కట్టి నడిపిస్తుంది. విజయనగర కాలపు గుళ్ళలో స్తంభాల మీద యాళి ఉంటుంది కదా, సింహం ఒళ్ళు, ఏనుగు తొండం. మా పిల్ల దాన్ని చేసింది. తొండం కుదరక నోటికి పైన ఒక చెయ్యి తగిలించింది. అది లేచి, ఒళ్ళు విదిలించుకుని నాలుగడుగులు వేయగానే వంటింట్లోంచి వాళ్ళ పిన్నిని లాక్కొచ్చి మరీ చూపించింది.

ఇంకో ముచ్చట. స్పోర్‌లో చేసిన జంతువు ఒక చిన్న పీఎన్‌జీ బొమ్మగా సేవ్ అవుతుంది. చూడటానికి ఫొటోనే, కానీ ఆ జంతువు వివరమంతా అందులోనే దాగి ఉంటుంది. ఆ ఫైల్ తీసుకెళ్ళి ఇంకో కంప్యూటర్లో గేమ్ మీద వదిలితే జంతువు అక్కడ ప్రత్యక్షమవుతుంది. పిల్లలు పెన్‌డ్రైవులో వేసుకుని మార్చుకోవచ్చు. వాట్సాప్‌లో మామూలు ఫొటోలా పంపితే మాత్రం అది కుదించేస్తుంది, లోపలి వివరం పోతుంది. డాక్యుమెంట్‌గా పంపాలి.

ఇక పోటీ సంగతి. ఇక్కడ స్పోర్ తేలిపోతుంది. జంతువుగా తిరిగే దశలో కరవడం, కొట్టడం, దూసుకెళ్ళడం, ఉమ్మడం అనే నాలుగు దాడులు. పోట్లాట వద్దనుకుంటే పాడి, ఆడి అవతలివాళ్ళతో స్నేహం చేసుకోవచ్చు. ఒకే శక్తి ఉన్న భాగాలు ఎన్ని తగిలించినా వాటిలో పెద్దదాని స్థాయే లెక్కలోకి వస్తుంది. అంటే పది కోరలు పెట్టిన భయంకరమైన జంతువూ, ఒక్క మంచి నోరున్న వంకాయలాంటి జంతువూ దాదాపు సమానం. మావాడు ఇది కనిపెట్టిన రోజునుంచి దాన్ని ముట్టుకోలేదు. మా పిల్లకి ఇదేమీ పట్టలేదు. దానికి వంకాయే ముద్దొచ్చింది.

ఇద్దరు పిల్లలు ఎదురెదురుగా కూర్చుని తమ జంతువుల్ని నేరుగా కొట్లాడించే ఏర్పాటు కూడా ఇందులో లేదు. పైగా కణం, జంతువు, తెగ, నాగరికత, అంతరిక్షం అని ఐదు దశలుంటాయి. మూడో దశకి వచ్చేసరికి ఒంటి ఆకారం మార్చుకోవడం అయిపోయి గేమ్ ఇంకో దారి పడుతుంది. మా ఇంట్లో ఎవరూ అంతరిక్షం దాకా వెళ్ళలేదు. మళ్ళీ మళ్ళీ మొదటి రెండు దశలే ఆడతారు, నాకు అది నష్టమనిపించలేదు. 2009లో వచ్చిన గెలాక్టిక్ అడ్వెంచర్స్ అనే అదనపు భాగం కొంటే సొంతంగా సాహసాలు కట్టుకుని, శత్రువులెవరో మిత్రులెవరో మనమే పెట్టుకోవచ్చు. గీసే పిల్లలకి అది పనికొస్తుంది.

కొనేటప్పుడు కంప్యూటర్ గేములు ఆన్‌లైన్‌లో అమ్మే స్టీమ్‌లోనో జీఓజీలోనో కొనండి. పాత డిస్కు ఎవరైనా చవగ్గా ఇస్తామన్నా వద్దు. అప్పట్లో ఆ డిస్కుకి ఇన్ని కంప్యూటర్లలోనే అని పరిమితి పెట్టి పెద్ద రభస చేసుకున్నారు. గేమ్ పాతది కాబట్టి ఇంట్లో ఉన్న మామూలు విండోస్ లాప్‌టాప్ చాలు. ఇంగ్లీషు చదవాల్సింది తక్కువ. ఎనిమిదేళ్ళ పిల్లకి పక్కన కూర్చుని చెప్పక్కర్లేదు.

మేపే పిల్లలకి మాన్‌స్టర్ రాంచర్

జపాన్ కంపెనీ టెక్మో 1997లో ప్లేస్టేషన్ అనే గేమ్ మెషీన్ కోసం చేసిన గేమ్ ఇది. అందులో ఒక పిచ్చి ఆలోచన ఉంది. ఇంట్లో ఉన్న సీడీ ఏదైనా సరే, పాటలదైనా ఇంకోటైనా ప్లేస్టేషన్‌లో పెడితే ఆ డిస్కులోని సమాచారాన్ని బట్టి ఒక మాన్‌స్టర్ పుట్టేది. లెక్కప్రకారం చూస్తే తాతయ్య సుప్రభాతం సీడీ నుంచి కూడా ఏదో ఒకటి పుట్టి ఉండాలి. ఇప్పుడు డిస్కులే లేవు. అందుకని 2021లో మొదటి రెండు గేముల్ని కలిపి డీఎక్స్ పేరుతో మళ్ళీ తెచ్చినప్పుడు డిస్కు పెట్టే బదులు ఆల్బమ్ పేరు వెతుక్కునే పద్ధతి పెట్టారు. నింటెండో వాళ్ళ గేమ్ మెషీన్ స్విచ్‌లో, స్టీమ్‌లో, ఐఫోన్‌లో దొరుకుతుంది. ఆండ్రాయిడ్‌కి తేలేదు, మనలో ఎక్కువమందికి అదే చిక్కు.

ఆకారం మన చేతిలో లేదు. మోచీ అనే బొద్దు పిల్ల రావచ్చు, ఒంటికన్ను సూజో రావచ్చు, రాతి గోలెమ్ రావచ్చు. అక్కడినుంచి పని మొదలు. వారానికో కసరత్తు చేయించాలి. ప్రాణం, బలం, తెలివి, నేర్పు, వేగం, ఓర్పు అని ఆరు లెక్కలు, ఏ కసరత్తు దేన్ని పెంచుతుందో చూసుకోవాలి. అలసిపోతే విశ్రాంతి ఇవ్వాలి. పని ఎగ్గొడితే తిట్టాలా, వదిలేయాలా అని అడుగుతుంది. మరీ గారం చేస్తే మాట వినదు, మరీ తిడితే మనసు విరుగుతుంది. పోటీలో ఆ లోపం బయటపడుతుంది. మనం ఒకటి చెయ్యమంటే అది తల గోక్కుంటూ నిలబడుతుంది.

పందెం నిమిషం పాటే. రెండూ ఎంత దూరంలో ఉన్నాయన్నదాన్ని బట్టి ఏ దెబ్బ వేయగలదో మారుతుంది. కాబట్టి ముందుకెళ్ళడమా వెనక్కి తగ్గడమా అన్నదే సగం ఆట. దిగువ శ్రేణి పోటీలు గెలుచుకుంటూ పైకి వెళ్ళాలి. ఈ నిమిషం కోసం నెలలు నెలలు పెంచి ఉంటాం కదా, మావాడు చూడలేక దిండు అడ్డం పెట్టుకునేవాడు. నేను ఆడిన వాటిలో పోటీకి ఇంత టెన్షన్ ఉన్న పిల్లల గేమ్ ఇంకోటి లేదు.

ఒక్కటి ముందే చెప్పాలి. ఇందులో మాన్‌స్టర్లకి ఆయుష్షు ఉంటుంది. ముసలివవుతాయి, చచ్చిపోతాయి. ఇది నాకు తెలియదు, నేను కొన్నది మావాడి కోసం, పక్కన కూర్చుని పెంచుకున్నది మా పిల్ల. దాని మోచీ పోయిన రోజు రాత్రి అన్నం తినలేదు. వయసు పైబడకముందే ల్యాబులో గడ్డకట్టించి దాచుకోవచ్చని, తర్వాత ఇంకోదానితో కలిపితే పుట్టే దానికి కొన్ని గుణాలు వస్తాయని మాకు ఆలస్యంగా తెలిసింది. ఇంట్లో ఈమధ్యే ఎవరైనా పోయి ఉంటే, చిన్నపిల్లలకి కొన్నాళ్ళు ఆగి ఇవ్వండి. పదేళ్ళు దాటినవాళ్ళకి మాత్రం ఈ ఆయుష్షే గేముకి ప్రాణం. వారాలు లెక్కపెట్టుకుని ఖర్చు చేయడం నేర్చుకుంటారు.

కలిపే పిల్లలకి

డ్రాగన్ క్వెస్ట్ మాన్‌స్టర్స్ వరసలో మొదటిది 1998లో గేమ్‌బాయ్ అనే చేతి మెషీన్ మీద వచ్చింది. ఇప్పుడు కొనదగ్గది ది డార్క్ ప్రిన్స్. 2023 డిసెంబరులో స్విచ్‌కి, 2024 సెప్టెంబరులో స్టీమ్‌కి, ఆండ్రాయిడ్‌కి, ఐఫోన్‌కి వచ్చింది. కథానాయకుడు సారో మాన్‌స్టర్లని కొట్టకూడదని శాపం. అందుకే తన తరఫున కొట్లాడేందుకు వాటినే పోగేసుకుంటాడు. ఐదువందలకు పైగా రకాలున్నాయి. రెండిటిని పదో లెవెల్ దాకా పెంచి కలిపితే కొత్తది పుడుతుంది. తల్లిదండ్రులు రెండూ పోతాయి, వాటి నేర్పు మాత్రం పిల్లకి వస్తుంది. ఏది పుట్టే అవకాశముందో ముందే చూపిస్తుంది కాబట్టి పిల్లలు కాగితం మీద వంశవృక్షాలు వేసుకుంటారు. మావాడు వేసినదాంట్లో ముత్తాతల దాకా ఉన్నారు. మా ఇంటి ముత్తాతల పేర్లు అడిగితే చెప్పలేడు.

జట్టుకి నాలుగు స్థానాలు. చిన్నది ఒక స్థానం, పెద్దది రెండు స్థానాలు తీసుకుంటుంది. కొండంత మాన్‌స్టర్‌ని తెచ్చుకుంటే జట్టులో తల తగ్గుతుంది. 900, 1000 గొడవకి ఇది ఒక జవాబు: పెద్దది కావాలా, ఖరీదు కట్టు. కాకపోతే ఆకారంలో మనది అంటూ గోరంత కూడా ఉండదు, పేరు ఒక్కటే మనం పెడతాం. చదవాల్సిన ఇంగ్లీషు కూడా ఎక్కువ. నేను పైన చెప్పినవీ కింద చెప్పబోయేవీ ఏవీ తెలుగులో రాలేదు. కానీ ఇందులో చదవకపోతే అసలు ముందుకెళ్ళలేరు. ఐదో తరగతి దాటాక ఇవ్వడం మంచిది.

రెండిటి రూపాన్నీ నిజంగా కలిపి చూపించే గేమ్ కావాలంటే కాసెట్ బీస్ట్స్ ఉంది. బ్రిటన్‌లోని చిన్న స్టూడియో బిట్టెన్ 2023లో తెచ్చింది. పాత ఆడియో కాసెట్లలో మాన్‌స్టర్లని రికార్డు చేసుకుని, ఆ కాసెట్ వేసుకుని మనమే ఆ మాన్‌స్టర్‌గా మారతాం. ఏ రెండిటిని కలిపినా రెండిటి పోలికలూ ఉన్న మూడో బొమ్మ వస్తుంది. అలా 14,000కి పైగా రూపాలున్నాయి. ఒకే కంప్యూటర్ ముందు ఇద్దరు కూర్చుని ఒకే జట్టుగా ఆడొచ్చు. ఎప్పుడూ కొట్టుకునే అన్నాచెల్లెళ్ళకి ఇది మందు. కథ మాటలు కాస్త పెద్దపిల్లలకి తగ్గట్టు ఉంటాయి.

మా పిల్ల ప్రశ్నకి నిజమైన జవాబు

ఇది పెద్దగా ఎవరూ చెప్పుకోరు. ఇంపాసిబుల్ క్రీచర్స్ అని 2003లో రెలిక్ స్టూడియో చేసిన కంప్యూటర్ గేమ్, ఇప్పుడు స్టీమ్‌లో దొరుకుతుంది. కథ 1937లో జరుగుతుంది. నిజమైన జంతువుల్ని రెండు తీసుకుని తల ఎవరిది, కాళ్ళు ఎవరివి, తోక ఎవరిది అని ఎంచి కలపాలి. తేలుకి ఏనుగు కాళ్ళు పెట్టొచ్చు. పెట్టిన భాగమే పోరాటంలో పనిచేస్తుంది. రెక్కలుంటే ఎగురుతుంది, తేలు తోక ఉంటే విషం ఎక్కిస్తుంది. స్పోర్‌లో వంకాయ చేసిన మోసం ఇక్కడ కుదరదు.

మరి అందరూ అతి బలమైనదే చేసుకోరా? చేసుకోవచ్చు. కానీ జంతువు ఎంత బలంగా ఉంటే దాన్ని తయారుచేయడానికి అంత బొగ్గు, అంత కరెంటు కావాలి, అంత ఆలస్యంగా గానీ చేతికి రాదు. ఈలోపు అవతలివాడు చవకరకం తోడేళ్ళని ఇరవై పంపి మన ఇల్లు గుల్ల చేస్తాడు. తొమ్మిది రకాలతో సైన్యం ఎంచుకోవాలి కాబట్టి ఏ బలం ఎప్పుడు అన్నది ముందే ఆలోచించాలి.

దీని లోపాలు దీనికున్నాయి. బొమ్మలు పాతవి. ఒక్కో జంతువుతో అనుబంధం ఏర్పడదు, అది సైనికుడే. ఆట ఆగకుండా సాగుతూ ఉంటుంది, చిన్నవాళ్ళ వేళ్ళు అందుకోలేవు. మా పిల్ల పది నిమిషాల్లో లేచిపోయింది. మావాడు ఇంకా ఆడుతున్నాడు. పన్నెండు దాటి, చదరంగం మీద కాస్త మోజున్న పిల్లలకైతే నేను కళ్ళు మూసుకుని ఇదే చెబుతాను.

పోకెమాన్ ఎందుకు చెప్పలేదని అడుగుతారు. మంచి గేమే, పోటీకి దాన్ని మించింది లేదనేవాళ్ళూ ఉన్నారు. కానీ అందులో పట్టడం, పెంచడం తప్ప కొత్తదాన్ని చేయడం లేదు. పైగా దాని ముఖ్యమైన గేములు నింటెండో మెషీన్లలోనే వస్తాయి. స్విచ్ మన ఊళ్ళలో ఎక్కువగా దిగుమతి చేసుకుని అమ్మే దుకాణాల్లోనే దొరుకుతుంది. అమెరికా నుంచి ఎవరైనా వస్తూ తెస్తే సరే, లేదంటే ఈ ఒక్క గేమ్ కోసం మెషీన్ కొనకండి.

ఫోన్లో ఫ్రీ గేముల మాట

నేను మొదట చేసింది ఇదే తప్పు. గుడ్లు పొదిగి, రెండు మాన్‌స్టర్లని జతకట్టించే ఫ్రీ గేమ్ ఒకటి ఫోన్లో వేసిచ్చాను. పేరు అనవసరం, ఆ తరహావి డజన్లున్నాయి. మొదటి గుడ్డు అర నిమిషంలో పగిలింది. పదోదానికి పన్నెండు గంటలు ఆగమంది. ఆగలేకపోతే వజ్రాలు, వజ్రాలకి డబ్బులు. నా కార్డు వివరాలు ఫోన్లో ఉన్నాయి. నెలాఖరుకి చూస్తే 1,780 రూపాయలు పోయాయి. పిల్లని ఏమనను? అది నొక్కమన్నచోట నొక్కింది.

డబ్బు కట్టినవాడికే పెద్ద అంకె వచ్చే గేములో పోటీ ఎక్కడుంటుంది? అది మళ్ళీ "పవర్ 1000" కథే. తప్పదనుకుంటే ప్లే స్టోర్ సెట్టింగుల్లో ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టుకోండి. ఆ పాస్‌వర్డ్ పిల్లల పుట్టినరోజు కాకుండా చూసుకోండి.

ఇంట్లో ఆండ్రాయిడ్ ఫోన్ తప్ప ఏమీ లేకపోతే పైన చెప్పినవాటిలో ది డార్క్ ప్రిన్స్ చూడండి. ఒకేసారి గట్టి ధర కట్టాలి, అది చూసి వెనక్కి తగ్గకండి. రాయితీ వచ్చేదాకా ఆగడం మేలు. పాత లాప్‌టాప్ ఉంటే ఎనిమిది నుంచి పదేళ్ళవాళ్ళకి స్పోర్, ఆపైన మాన్‌స్టర్ రాంచర్. అక్కా తమ్ముడు కలిసి ఆడతామంటే కాసెట్ బీస్ట్స్. స్టీమ్‌లో కొన్నది రెండు వారాల్లోపు, ఆడింది రెండు గంటలు మించకపోతే డబ్బు వెనక్కి అడగొచ్చు. కాబట్టి మొదటి గంట మీరూ పక్కన కూర్చోండి. పిల్లలు మీవైపు తిరిగి చూపిస్తున్నారా, ఊరికే నొక్కుకుంటూ పోతున్నారా అన్నది ఆ గంటలోనే తెలిసిపోతుంది.

ఈ సెలవలకి మా పిల్ల మళ్ళీ వచ్చింది. నోటుబుక్కు గొడవకి ఇంపాసిబుల్ క్రీచర్స్‌లోంచి ఒక రూలు ఎత్తుకొచ్చాడు మావాడు: ఒక్కొక్కరికి ఇరవై రూపాయలు, అంతకుమించి ఖర్చుపెట్టకూడదు. తేలు తోక ఏడు, రెక్కలు ఎనిమిది, కొమ్ము నాలుగు, మామూలు కాళ్ళు జతకి రెండు. మా పిల్ల చాలాసేపు ఆలోచించి, తోకా రెక్కలూ మానేసి, ఇరవై కాళ్ళున్న జెర్రిని గీసింది. దాన్ని ఎలా ఓడించాలో వాడికి ఇంకా తోచలేదు.